ఓలాండ్ దీవిలో మూడు రోజులు: మే చివర్లో వెళ్ళండి, మోకాళ్ళ మీద కూర్చోండి

కారు అద్దంలోంచి చూస్తే దక్షిణ ఓలాండ్ ఒట్టి బీడు. పెద్ద చెట్టు లేదు, పంట లేదు, కనుచూపు మేర నాపరాయి, దాని మీద పలచగా గడ్డి, అక్కడక్కడా నడుమెత్తు తుప్పలు. మొదటిసారి వెళ్ళినప్పుడు పక్కన కూర్చున్న మా ఫ్రెండ్ చుట్టూ చూసి "దీనికోసమా రా మూడు గంటలు ట్రైన్‌లో తెచ్చావు, బేతంచెర్ల రా, ఇంతకంటే మంచి నాపరాళ్ళు ఫ్రీగా చూపిస్తా" అన్నాడు. వాడిది కర్నూలు వైపు, కాబట్టి రాయి గురించి మాట్లాడే హక్కుంది. కారు దిగి, ఇరవై అడుగులు నడిచి, కిందకి చూసేదాకా నాకూ అలాగే అనిపించింది.

ఈ దీవిలో చూడాల్సింది చాలావరకు చీలమండ ఎత్తులోనే ఉంటుంది. ఆ ఒక్క ముక్క ముందే తెలిసుంటే నా మొదటి ట్రిప్పు సగం వృథా అయ్యేది కాదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఏ దీవో తేల్చుకోండి

జోక్ కాదు. బాల్టిక్ సముద్రంలో పేర్లు కలగాపులగం అయ్యే దీవులు రెండు చోట్ల ఉన్నాయి. మనం వెళ్ళేది స్వీడన్ ఆగ్నేయ తీరంలో, కల్మార్ ఊరికి ఎదురుగా ఉన్న దీవికి. దాని పేరులో మొదటి అక్షరం O, దాని మీద రెండు చుక్కలుంటాయి. రెండోది ఫిన్లాండ్ కింద ఉండే దీవుల గుంపు, దాని పేరులో మొదటి అక్షరం A, దాని మీద చిన్న సున్నా ఉంటుంది. తమాషా ఏంటంటే స్వీడిష్‌లో ఆ ఫిన్లాండ్ వాళ్ళదే "ఓలాండ్" అని పలుకుతుంది, మనదేమో పెదాలు సున్నాలా చుట్టి "ఏలాండ్" అన్నట్టు వస్తుంది. మనవాళ్ళందరూ దీన్నే ఓలాండ్ అంటారు కాబట్టి నేనూ అదే రాస్తున్నాను. బుకింగ్ చేసేటప్పుడు మాత్రం మ్యాప్‌లో పక్కన కల్మార్ కనిపిస్తేనే డబ్బులు కట్టండి.

దీవి పొడవు 137 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కువలో ఎక్కువ 16. సన్నగా, పొడుగ్గా, పడుకోబెట్టిన చేతికర్రలా ఉంటుంది. మూడు రోజుల్లో ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసేద్దాం అనే ప్లాన్ వెంటనే మానుకోండి. ఉత్తరాన లైట్‌హౌస్, దక్షిణాన లైట్‌హౌస్, మధ్యలో కోట, మళ్ళీ బీచ్ అని తిరిగితే 136వ నంబరు రోడ్డు తప్ప ఇంకేం గుర్తుండదు. ఈ గైడ్ దక్షిణ సగానికి మాత్రమే.

తేదీ: మూడు వారాలే టైము

మే మూడో వారం నుంచి జూన్ మొదటి వారం దాకా. అంతే.

కారణం రాయిలోనే ఉంది. దక్షిణ భాగంలో స్తూరా ఆల్వారెట్ అని సుమారు 260 చదరపు కిలోమీటర్ల మైదానం ఉంది. కింద సున్నపురాయి, పైన మట్టి చాలాచోట్ల రెండు మూడు సెంటీమీటర్లకి మించదు, కొన్నిచోట్ల అదీ లేదు. చలికాలంలో, వసంతంలో నీళ్ళు ఇంకే దారి లేక పల్లాల్లో మడుగులు కడతాయి, జూన్ గడిచేసరికి అదే నేల పెనంలా ఎండిపోతుంది. స్వీడన్ మొత్తంలో వాన తక్కువ పడే చోట్లలో ఇదొకటి. తడి పోయి ఎండ ముదిరేలోపు మొక్కలు తమ పనంతా తొందర తొందరగా ముగించుకోవాలి. మన దగ్గర రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతుంటాయే, సరిగ్గా ఆ రోజుల్లో ఇక్కడ పూలు. జులైలో వచ్చి "ఏముంది అక్కడ, ఎండుగడ్డి" అని తిరిగిపోయినవాళ్ళు నాకు నలుగురైదుగురు తెలుసు.

ఈ రోజుల్లో పగలు 15 నుంచి 18 డిగ్రీలు, రాత్రి 7, 8. తెల్లవారుజామున నాలుగున్నరకే సూర్యుడు వచ్చేస్తాడు, రాత్రి తొమ్మిదిన్నర దాకా పోడు. అంటే మూడు రోజుల ట్రిప్పులో మీకు దొరికే వెలుతురు, మన దగ్గర దాదాపు నాలుగు రోజులంత. రూముకి మందపాటి కర్టెన్లు లేకపోతే నిద్ర మాత్రం గోవిందా, కళ్ళకి కట్టుకునే గుడ్డ ఒకటి పెట్టుకోండి.

సెలవు చూసుకుంటే, ఈస్టర్‌తో కలిపి లెక్కేస్తే నలభయ్యో రోజున, అంటే ఎప్పుడూ గురువారమే, క్రీస్తు స్వర్గారోహణ సెలవు వస్తుంది. అది మే రెండో సగంలో పడిన ఏడాది మీ పంట పండినట్టే, శుక్రవారం ఒక్క లీవు పెడితే నాలుగు రోజులు. ఆ రోజు చీకటితో లేచి కోకిల కూత వినడానికి అడవికి వెళ్ళే అలవాటు ఇక్కడ ఉంది, "యెకోట్టా" అంటారు. కూత ఏ దిక్కు నుంచి వినబడితే ఏమవుతుందో శకునం కూడా ఉంది: దక్షిణం నుంచి వస్తే చావు, ఉత్తరం నుంచి దుఃఖం, తూర్పు నుంచి ఓదార్పు, పడమటి నుంచి అయితే అన్నిటికంటే మంచిది. బల్లిశాస్త్రం మనకొక్కళ్ళకే ఉందనుకున్నాను ఇన్నాళ్ళూ. కూత మాత్రం మన కోయిలలా ఎత్తుకుంటూ పోదు, గోడ గడియారంలో బొమ్మపిట్టలా కుక్కూ కుక్కూ అని రెండే ముక్కలు.

జూన్ 6 జాతీయ దినం ఇంకో అవకాశం. జూన్ మూడో వారం తర్వాత వచ్చే మిడ్‌సమ్మర్ వీకెండ్‌కి మాత్రం వెళ్ళొద్దు. స్వీడన్ కుర్రకారు టెంట్లూ స్పీకర్లూ వేసుకుని దీవి మీద పడతారు, ఉన్న రూములకి రేట్లు ఆకాశంలో ఉంటాయి.

చేరుకోవడం

అన్ని దారులూ కల్మార్‌కే. కోపెన్‌హాగన్, మాల్మో వైపు నుంచి నేరుగా ట్రైన్ ఉంది, మాల్మో నుంచి మూడున్నర గంటలు అటూ ఇటూ. స్టాక్‌హోమ్ నుంచి అయితే మామూలుగా ఆల్వెస్తాలో మారాలి, ఐదు గంటలు అనుకోండి. కార్ల్‌స్క్రోనా నుంచి 85 కిలోమీటర్ల దూరమే. అక్కడి బీటీహెచ్ అనే యూనివర్సిటీలో మన తెలుగు పిల్లలు ఏళ్ళ తరబడి చదువుతున్నారు, చాలామంది రెండేళ్ళుండి కూడా ఈ దీవి ముఖం చూడకుండానే ఉద్యోగం వెతుక్కుంటూ స్టాక్‌హోమ్ వెళ్ళిపోతారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణే, మాల్మో వచ్చాక గానీ బుద్ధి రాలేదు.

కల్మార్ నుంచి వంతెన. 6,072 మీటర్లు, 1972 సెప్టెంబరులో తెరిచారు, అప్పటికి యూరప్‌లో అదే పొడవైనది. టోల్ లేదు. అవతల దిగే ఊరు ఫార్యెస్టాడెన్, పేరుకి అర్థమే పడవ రేవు ఊరు, వంతెన రాకముందు జనం దిగేది అక్కడే. ఒక్క విషయం గుర్తుంచుకోండి, వంతెన మీద సైకిల్ తొక్కడం గానీ నడవడం గానీ కుదరదు. వేసవిలో సైకిళ్ళెక్కించుకునే చిన్న పడవ తిరుగుతుంది, కానీ సీజన్ ఎప్పుడు మొదలవుతుందో ఆ ఏడాది టైంటేబుల్ చూసుకోకుండా సైకిల్ తీసుకుని బయల్దేరకండి.

కారు ఉంటే హాయి. కల్మార్‌లో అద్దెకి దొరుకుతుంది. ఇంగ్లీషులో ఉన్న ఇండియా లైసెన్సు ఇక్కడ చెల్లుతుంది, కాకపోతే స్వీడన్‌లో నివాసిగా నమోదై ఏడాది దాటితే చెల్లదు. ఇది తెలియక నడిపేవాళ్ళు బోలెడుమంది, ఇన్సూరెన్స్ దగ్గరికి వచ్చేసరికి అసలు టెన్షన్ మొదలవుతుంది.

కారు లేకపోతే బస్సులున్నాయి. ఫార్యెస్టాడెన్, మొర్బిలోంగా దాకా ఇబ్బంది లేదు, దక్షిణ కొనకి మాత్రం రోజుకి వేళ్ళ మీద లెక్కపెట్టే అన్ని, శని ఆదివారాల్లో ఇంకా తక్కువ. ఒక శనివారం సాయంత్రం నేను ఒట్టెన్‌బీలో ఆఖరి బస్సు మిస్సయ్యాను, తప్పు నాదే, సోమ నుంచి శుక్ర దాకా ఉండే టైంటేబుల్ చూసి శనివారం నిలబడ్డాను. గంటన్నర నడిచాక ఒక రైతు ట్రాక్టర్ ఆపి, ఏమీ అడక్కుండా వెనక ట్రాలీ చూపించాడు. అందరికీ ఆ అదృష్టం ఉంటుందని చెప్పలేను.

బస

వికెల్‌బి, రెస్మో, మొర్బిలోంగా, ఈ మూడింటి చుట్టుపక్కల వెతకండి. పొద్దున్నే మైదానం ఎక్కడానికి పది నిమిషాలు చాలు. వాండ్రార్‌హెమ్ అనే హాస్టళ్ళు, తోటల్లో చిన్న చిన్న స్టూగాలు, అంటే చెక్క ఇళ్ళు, దొరుకుతాయి. రెండింట్లోనూ వంటగది ఉంటుంది. చాలాచోట్ల దుప్పటి, దిండు గలేబు మీవే తెచ్చుకోవాలి, వెళ్ళేటప్పుడు ఊడ్చి తుడిచి వెళ్ళాలి. లేదంటే రెండిటికీ విడిగా డబ్బులు తీసుకుంటారు. బుక్ చేసేటప్పుడే ఆ చిన్న అక్షరాలు చదవండి.

నీళ్ళు పొదుపుగా వాడమని బాత్రూంలో కాగితం అంటించి ఉంటే తేలిగ్గా తీసుకోకండి. చుట్టూ సముద్రం, కింద నీటిని దాచుకోని రాయి. 2016, 17 లలో భూగర్భ జలాలు బాగా అడుగంటాక ఇక్కడ సముద్రపు నీటిని తాగునీరుగా మార్చే ప్లాంటు కూడా పెట్టుకున్నారు.

టెంట్ సంగతి. స్వీడన్‌లో అందరికీ ప్రకృతి మీద హక్కుంటుంది, ఎవరి భూమిలోనైనా ఇళ్ళకి దూరంగా, పంట తొక్కకుండా ఒక రాత్రి టెంట్ వేసుకోవచ్చు, నిజమే. కానీ నేచర్ రిజర్వుల్లో వేరే రూల్స్ ఉంటాయి, దక్షిణ ఓలాండ్‌లో మీకు నచ్చే చోటు దాదాపు ప్రతిదీ ఏదో ఒక రిజర్వు. కాబట్టి క్యాంపింగ్ సైట్‌కే వెళ్ళండి.

సంచిలో ఏం పెట్టాలి

గాలి ఆపే జాకెట్. వాన కోటు కంటే ఇదే ముఖ్యం, ఎందుకంటే మైదానం మీద గాలిని ఆపడానికి ఏమీ లేదు, 17 డిగ్రీలు 9 లాగా తగులుతాయి. ఎండ కూడా అలాగే, నీడ ఎక్కడా దొరకదు, టోపీ లేకపోతే సాయంత్రానికి ముక్కు ఊడొస్తుంది. చీలమండ దాకా వచ్చే షూ, రెండు జతల సాక్సులు. ఎండినట్టు కనిపించే చోట కూడా కింద మడుగు దాక్కుని ఉంటుంది. నీళ్ళు మనిషికి కనీసం లీటరున్నర, మైదానం మీద కొళాయి ఉండదు. బైనాక్యులర్స్ ఒకటి, ఇంకొకటి ఎవరూ చెప్పనిది, పదిరెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం. స్టాంపులు సేకరించేవాళ్ళు వాడేది చాలు. కూర్చోవడానికి చిన్న ఫోమ్ ముక్క; ఇక్కడివాళ్ళు ప్రతి ఒక్కళ్ళూ సంచిలో పెట్టుకుని తిరుగుతుంటే మొదట్లో నవ్వుకున్నాను, ఇప్పుడు నా దగ్గర రెండున్నాయి.

పిడుదులు తీసే చిన్న కొక్కెం అపోతెక్‌లో, అంటే మందుల షాపులో, దొరుకుతుంది, తప్పకుండా కొనండి. పిడుదు అంటే గొడ్లకి పట్టేదే, ఇక్కడ మనుషులకీ పడుతుంది, గడ్డిలోంచి ప్యాంటు మీదకి ఎక్కుతుంది. రోజూ రాత్రి స్నానం చేసేటప్పుడు చంకలు, గజ్జలు, మోకాళ్ళ వెనక, చెవుల వెనక వెతుక్కోండి, పిల్లలకైతే జుట్టులో కూడా. చర్మానికి ఆనించి కొక్కెంతో పట్టి మెల్లగా లాగేయాలి, నూనె పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం లాంటి ఇంటి వైద్యాలు వద్దు. ఎంత త్వరగా తీస్తే లైమ్ జబ్బు వచ్చే అవకాశం అంత తక్కువ. తర్వాతి వారాల్లో కరిచిన చోట ఎర్రటి వలయం పెద్దదవుతూ ఉంటే వైద్య సలహా నంబరు 1177కి ఫోన్ చేయండి, యాంటీబయాటిక్స్‌తో పోతుంది. టీబీఈ అని మెదడుకి సోకే ఇంకో జబ్బుంది, దానికి టీకా ఉంది, కానీ ఒక్క డోసుతో అయ్యేది కాదు. స్వీడన్‌లో ఉండేవాళ్ళయితే మార్చిలోనే మొదలుపెట్టుకోండి.

తిండికి, ఫార్యెస్టాడెన్‌లో పెద్ద సూపర్‌మార్కెట్లున్నాయి, దక్షిణానికి వెళ్ళేకొద్దీ కొట్లు తగ్గిపోతాయి. బియ్యం, పచ్చడి ఎలాగూ తెచ్చుకుంటారు, ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు.

మొదటి రోజు: మైదానం, సాయంత్రం పూట

మధ్యాహ్నం రూములో సామాన్లు పడేసి నాలుగింటికి బయల్దేరండి. రెస్మో ఊరి నుంచి తూర్పున స్టేనోసా వైపు దీవిని అడ్డంగా కోస్తూ ఒక రోడ్డు పోతుంది. ఎక్కేముందు రెస్మో దగ్గర మీసింగె అనే కంచుయుగపు సమాధి దిబ్బ ఉంది, దానిపైకెక్కి ఐదు నిమిషాలు నిలబడండి: ఒక పక్క కల్మార్ జలసంధి, ఇంకోపక్క మీరు నడవబోయే మైదానం. తర్వాత ఆ అడ్డరోడ్డు మీద సగం దూరం పోతే మొకెల్‌మోసెన్ అనే లోతులేని చెరువు, పక్కనే కారు పెట్టుకునే చోటు. అక్కడ దిగండి.

ఇప్పుడు చెరువు వైపు కాకుండా రాయి వైపు నడవండి, ఒక వంద అడుగులు. ఎక్కడైనా ఆగి, ఫోమ్ ముక్క వేసుకుని మోకాళ్ళ మీద కూర్చోండి. చదరపు అడుగు నేల ఎంచుకుని పది నిమిషాలు అక్కడే చూడండి.

నా కిందటేడు చదరపు అడుగులో ఉన్నవి చెప్తాను. రాయిలో తిన్నని పగులు, దాన్లో తేమకి నాచు. పగులు అంచున సన్నటి పచ్చ కాడలు, తుంపి నలిపితే ఉల్లికాడల వాసన. ఇక్కడి అడవి ఉల్లికాడ అది, ఊదా రంగు మొగ్గలు అప్పుడే విచ్చుకోబోతున్నాయి. దాని పక్కన రూపాయి బిళ్ళ కంటే చిన్న పసుపు పువ్వు, ఐదు రేకులు, కాగితంలా ముడతలు పడి. ఓలాండ్ సూల్‌వెండా, అంటే ఎండ వైపు తిరిగేది. ఈ రకం ప్రపంచంలో ఈ దీవి మీద తప్ప ఇంకెక్కడా సహజంగా మొలవదు. ఇంకాస్త ఇటు, రాతిలోనే కొవ్వొత్తి ఆకారంలో ఒక అచ్చు, అడ్డంగా గీతలు. అది సుమారు 47 కోట్ల ఏళ్ళ నాటి సముద్రజీవి గుల్ల, ఆర్థోసెరటైట్ అంటారు, ఆక్టోపస్‌కి దూరపు చుట్టం. స్వీడన్‌లో పాత చర్చిల్లో, మెట్ల మీద ఎర్రటి పాలరాయిలా కనిపించే బండల్లో కొన్ని ఇక్కడి నాపరాళ్ళే, సరిగ్గా చూస్తే ఈ కొవ్వొత్తులు వాటిలోనూ ఉంటాయి. మా కర్నూలు ఫ్రెండ్ ఆ అచ్చు మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు. తర్వాత బేతంచెర్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆర్కిడ్ల కోసం ఇంకొంచెం గడ్డి ఉన్న చోట్లకి, మైదానం అంచుల్లోకి రావాలి. దీవి మొత్తంలో ముప్పై రకాలకి పైగా ఉన్నాయి, మే చివర్లో ఓ అరడజను తేలిగ్గా దొరుకుతాయి. మొదట పట్టుకోవాల్సింది "ఆదాము, అవ్వ" అనే పేరున్నది, ఎందుకంటే ఒకే జాతి మొక్క కొన్నిచోట్ల లేత పసుపు, కొన్నిచోట్ల ఎరుపు కలిసిన ఊదా, రెండూ పక్కపక్కనే నిలబడి పూస్తాయి. రెండోది "సెయింట్ పీటర్ తాళంచెవులు", జానెడు పైన పొడుగ్గా, ముదురు ఊదాలో, ఆకుల మీద తరచుగా మచ్చలతో. మూడోది "కోకిల తాళంచెవులు", పొట్టిది, రెక్కల్లాంటి రేకుల మీద పచ్చటి గీతలుంటాయి, భూతద్దం ఇక్కడే పనికొచ్చేది. జూన్ మొదటి వారం అయితే ఇంకో రకం, మొగ్గలు మాడిపోయినట్టు నల్లగా, విచ్చిన పూలు తెల్లగా ఉండేది.

కోయకండి. స్వీడన్‌లో ఆర్కిడ్లన్నిటికీ చట్టరక్షణ ఉంది, ఒక్క పువ్వు తెంపినా నేరమే. ఫోటో కోసం పడుకునేటప్పుడు మీ కడుపు కింద ఇంకోటి నలగకుండా చూసుకోండి. ఇది నేను చేసిన తప్పే, లేచి చూసుకుంటే ప్రాణం ఉసూరుమంది.

1741 వేసవిలో లినియస్ ఈ దీవికి వచ్చాడు, మొక్కలకీ జంతువులకీ రెండు మాటల లాటిన్ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చాడే, ఆయనే. పార్లమెంటు పంపించింది, రంగులకి పనికొచ్చే మొక్కలు, పింగాణీకి పనికొచ్చే మట్టి వెతకమని. డబ్బు తెచ్చే సరుకు కోసం పంపితే ఆయన వంగి వంగి పూలు చూసుకుంటూ తిరిగాడని నా ఊహ.

ఇంకో మాట. ఈ మైదానం చెక్కుచెదరని అడవేం కాదు, వేల ఏళ్ళుగా గొడ్లు మేసిన భూమి. మేత ఆగితే జూనిపర్ తుప్పలు కమ్ముకుని పూలన్నీ పోతాయి. 2000లో యునెస్కో దక్షిణ ఓలాండ్‌ని వారసత్వ జాబితాలో చేర్చింది కూడా వ్యవసాయ భూమిగానే. అందుకే ఆవులు ఎదురైతే విసుక్కోకండి, అవే ఇక్కడి తోటమాలులు. గేటు తెరిస్తే మళ్ళీ మూసి కదలండి, పచ్చ గడ్డిలో కనబడని కరెంటు తీగ ఉంటుంది, దాటేముందు చూసుకోండి. వేడి బండల మీద హుగ్గొర్మ్ అనే పాము పడుకుని ఉండొచ్చు, వీపు మీద వంకర టింకర గీత ఉంటుంది. మన రక్తపింజరి కుటుంబమే కానీ అంత ప్రమాదం కాదు. అడుగు చప్పుడు చేస్తే అదే పోతుంది, కరిస్తే మాత్రం ఎమర్జెన్సీ నంబరు 112.

రెండో రోజు: చీకటితో లేచి ఒట్టెన్‌బీ

నాలుగింటికి అలారం పెట్టుకోండి. తిట్టుకుంటారు, తెలుసు. ఐదున్నరకల్లా దక్షిణ కొనలో ఉండాలి.

దారిలో ఒక పొడవాటి రాతి గోడ దాటతారు, దీవిని ఈ తీరం నుంచి ఆ తీరం దాకా కోసేస్తూ. 1650లలో పదో కార్ల్ గుస్తావ్ కట్టించినది, దక్షిణ కొన రాజుగారి వేటభూమి, లోపల జింకలుండేవి. రైతుల పొలాల్లోకి అవి రాకుండా ఈ గోడ అని చెప్తారు గానీ, అప్పటి రైతులనడిగితే ఏమనేవారో. జింకల సంతతి ఇంకా ఉంది, పొద్దున్నే పొదల అంచున నిలబడి చూస్తుంటాయి.

కొన మీద లోంగె యాన్ లైట్‌హౌస్, 1785లో కట్టింది, 41.6 మీటర్లు, స్వీడన్‌లో ఇంతకంటే ఎత్తైనది లేదు. 197 మెట్లు. అది తెరిచేది పొద్దెక్కాక, మీరొచ్చింది దానికోసం కాదు. దాని పాదాల దగ్గర సముద్రం వైపు తిరిగి నిలబడండి. దీవి ఒక గరాటులా సన్నబడి అక్కడ ముగుస్తుంది, బాల్టిక్ మీదుగా ఉత్తరానికి పోయే పక్షులు ఈ కొన పట్టుకుని పోతాయి. మే చివర్లో ఆర్కిటిక్‌కి వెళ్ళే ఆఖరి గుంపులు, నల్లటి చిన్న బాతుల్లాంటి బ్రెంట్ గీస్ నీటికి కాస్త పైన పొడవాటి వరసలుగా పోతుంటే, మీ చెవి పక్క నుంచే పోయినట్టుంటుంది. 1946 నుంచి ఇక్కడ పక్షి పరిశోధన కేంద్రం నడుస్తోంది, వలల్లో పట్టి, కాలికి ఉంగరం తొడిగి, తూకం వేసి వదిలేస్తారు. దగ్గరికెళ్ళి మర్యాదగా అడగండి, చాలాసార్లు చూపిస్తారు. నీళ్ళలో బండల మీద బూడిద రంగు మూటల్లా ఉన్నవి కదిలితే కంగారు పడకండి, సీల్స్.

వెనక్కి వస్తూ పడమటి వైపు పచ్చికబయళ్ళు చూడండి. అక్కడ గుడ్లు పెట్టే పక్షులుంటాయి కాబట్టి చాలా భాగంలోకి ఈ నెలల్లో వెళ్ళనివ్వరు. పసుపు బోర్డు కనబడిన చోట ఆగి, బైనాక్యులర్స్‌తోనే పని కానివ్వాలి. పైకి వంగిన సన్నటి ముక్కున్న నలుపు తెలుపు పక్షి అవొసెట్. నెత్తిన పిలక ఉన్నది మన తీతువుకి దగ్గరి చుట్టం. మన ఊళ్ళల్లో తీతువు అరిస్తే అపశకునం అంటారు, ఇక్కడ అదొస్తే వసంతం వచ్చిందని సంబరం. కుక్కని తెస్తే గొలుసు వదలొద్దు. డ్రోన్ ఇంట్లోనే ఉంచండి.

పదింటికి రూముకి వచ్చి టిఫిన్ తిని పడుకోండి, మొహమాటం అక్కర్లేదు. సాయంత్రం గెట్లింగె, రోడ్డు పక్కనే, ఇనుపయుగపు సమాధుల వరస, ఓడ ఆకారంలో నిలబెట్టిన రాళ్ళు, వాటి వెనక ఒక గాలిమర. గాలిమరలు ఒకప్పుడు దీవిలో రెండు వేల దాకా ఉండేవట, ఇప్పుడు మూడొందల యాభై దాకా మిగిలాయి. ఒకటి రెండు చూశాక నాకు అన్నీ ఒకేలా అనిపించాయి, మీ ఇష్టం.

రాత్రి పదకొండు దాటాక ఒక పావుగంట పొదలున్న తోవలో నిలబడండి. స్వీడిష్‌లో నెక్టెర్‌గాల్ అనే పిట్ట, నైటింగేల్ రకం, చీకట్లో గొంతెత్తుతుంది. మధురం అని చెప్పను, గులకరాళ్ళు డబ్బాలో వేసి కుదిపినట్టు, మధ్యలో ఈల, మళ్ళీ గులకరాళ్ళు. అంత చిన్న పిట్టకి అంత గొంతేంటో.

మూడో రోజు

కాళ్ళు పట్టేసి ఉంటాయి. దీవి మధ్యలో అడవి ఉంది, మిట్‌లాండ్స్‌స్కూగెన్, హేజెల్ చెట్ల నీడలో మెత్తటి నడక, రెండు గంటలు తిరిగి వంతెన దాటేయొచ్చు. వాన పడితే ఎకెటోర్ప్ అనే పాత కోట ఉంది, సుమారు పదిహేను వందల ఏళ్ళ కిందటి గుండ్రటి రాతికోటని తవ్విన చోటే తిరిగి కట్టారు. మేలో ఏ రోజుల్లో తెరుస్తారో చూసుకుని వెళ్ళండి. పిల్లలుండి ఇసుక బీచ్ కావాలంటే ఉత్తరాన బోడా, కానీ అది వేరే ట్రిప్పు, నీళ్ళు కూడా ఇప్పుడు మంచులా ఉంటాయి.

మధ్యాహ్నం క్రొప్‌కాకర్ తినమని అందరూ చెప్తారు. బంగాళాదుంప తురుముతో చేసిన ముద్ద, లోపల పంది మాంసం, ఇక్కడి రకంలో దుంప పచ్చిదే తురుముతారు కాబట్టి బూడిద రంగులో, జిగురుగా ఉంటుంది. తినేవాళ్ళు ఒకసారి తినండి. శాకాహారులు పుట్టగొడుగులు పెట్టింది ఉందేమో అడగండి, లేకపోతే నష్టమేమీ లేదు.

కొనాల్సింది మాత్రం గోధుమ రంగు బీన్స్. ఈ దీవి పంట అది, పొలం గట్టున చిన్న బల్ల మీద సంచులు పెట్టి, డబ్బులు డబ్బాలో వేయమని వదిలేసి పోతారు. చాలాచోట్ల స్విష్ నంబరు రాసి ఉంటుంది, ఫోన్‌లో డబ్బులు పంపే యాప్ అది, స్వీడన్ బ్యాంకు అకౌంటు ఉన్నవాళ్ళకే పనిచేస్తుంది, కాబట్టి బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ళు కాస్త చిల్లర ఉంచుకోండి. ఇక్కడివాళ్ళు వీటిని బెల్లంపాకం లాంటి సిరప్, వెనిగర్ వేసి తియ్యగా వండుతారు, నాకెక్కలేదు. బొబ్బర్లలా ఉడికించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు పోపు పెట్టండి. రాత్రంతా నానాలి గనక ఇంటికి చేరిన రాత్రే నీళ్ళలో పోసి పడుకోండి. పొద్దున్న షూలో ఇరుక్కున్న గడ్డి దులుపుతూ, సాక్సుల్లో పిడుదులు వెతుకుతూ ఉండగా కుక్కర్ విజిల్ వేస్తుంది.